ఆవరణకళయందు స్మృతి, ప్రకృతి, కృత్రిమమేధ

చిత్రము గోడను, శిల్పము పీఠమును, నాటకము రంగస్థలమును ఆశ్రయించి యుండును. చూచువాడు వీటి కెదురుగా నిలుచును, లేదా కూర్చుండును. అతనికిని కళావస్తువునకును నడుమ కొంత యెడము తప్పక యుండును. తోలుబొమ్మలాటయందు సైతము తెర కీవల జనులు, ఆవల బొమ్మలు. ఈ యెడమును తొలగించి, గదినే కళావస్తువుగా చేసి, చూచువానిని దాని లోపలికి రప్పించు పద్ధతి యొకటి గడచిన శతాబ్ది యుత్తరార్ధమున పాశ్చాత్యదేశములందు బలపడినది. ఆంగ్లమున దీనిని ఇన్‌స్టలేషన్ అందురు. దీనిని స్థాపనకళ యనుట మాటకు మాట పెట్టుట మాత్రమే యగును. చూచువాని నన్ని దిక్కులను ఆవరించుట దీని ముఖ్యలక్షణము గావున ఈ వ్యాసమున ఆవరణకళ యను పేరు వాడబడినది. కృత్రిమమేధ యని పిలువబడు యంత్రవిద్య ఈ కళతో చేరి, స్మృతిని ప్రకృతిని గూర్చి యెట్టి ప్రశ్నలను లేవనెత్తినదో కొన్ని కృతుల మూలమున విచారించుట యిచ్చటి ప్రయత్నము.

ఆవరణకళ పూర్వచరిత్రమును క్లుప్తముగా చెప్పిన చాలును. 1958లో బ్రస్సెల్సు నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనయందు ఫిలిప్సు సంస్థవారు ఒక మంటపమును కట్టించిరి. మన చండీగఢ్ నగరమునకు రూపమిచ్చిన ల కార్బూజియే కార్యాలయమున దాని కల్పన జరిగినది. లోపల వందలకొలది ధ్వనివర్ధకములనుండి వరేజ్ కూర్చిన సంగీతము వినవచ్చుచుండగా గోడలపై బొమ్మలును రంగుల వెలుగులును కదలాడెడివి. ఎనిమిది నిమిషముల కార్యక్రమము. 1965లో జపాను కళాకారిణి యయోయి కుసామా న్యూయార్కునందు నాలుగు ప్రక్కల అద్దములు నిలిపిన గదిని ప్రదర్శించి, ఒక చిన్నగది అంతులేని మైదానమువలె తోచునట్లు చేసెను. 2003లో ఓలాఫుర్ ఎలియాసన్ లండనులోని టేట్ మోడరన్ మ్యూజియమున, పూర్వము విద్యుదుత్పాదన యంత్రము లుండిన విశాలశాలలో, ఒక కృత్రిమ సూర్యుని నిలిపెను. అది అర్ధబింబము మాత్రమే. పైకప్పునకు పొదిగిన అద్దములు మిగిలిన సగమును పూరించెడివి. శీతకాలపు లండను జనులు ఆ పసుపువెలుగులో నేలమీద వెల్లకిల పండుకొని పైకప్పునందు తమ నీడలను తామే చూచుకొనుచుండిరి. ఈ కృతులన్నిటియందును యంత్రము కలదు గాని అది పనిముట్టు మాత్రమే. ఏ దీప మెప్పుడు వెలుగవలెనో కళాకారుడు ముందే నిర్ణయించి యుండును.

కృత్రిమమేధ వచ్చి చేరినతోడనే ఈ స్థితి మారినది. ఎట్లు మారినదో తెలియుటకు యంత్రము నేర్చుకొను విధమును కొంత వివరింపవలసి యున్నది. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి యొకటి ఈ కళాకారులలో అనేకులకు ఆధారమైనది. దొంగనాణెములు పోయువా డొకడు, వాటిని పట్టుకొను షరాబు ఒకడు ఉన్నారనుకొందము. మొదట ఇద్దఱును అనుభవము లేనివారే. దొంగ పోసిన నాణెములను, అసలు నాణెములను కలిపి షరాబు ముందు పోయుదురు. ఏది యసలో ఏది నకిలీయో షరాబు చెప్పవలెను. తప్పు చెప్పినపుడెల్ల షరాబు దిద్దుకొనును. పట్టుబడినపుడెల్ల దొంగ దిద్దుకొనును. ఈ పోటీ లక్షలసారులు జరిగిన పిమ్మట షరాబునకు సైతము తేడా తెలియని నాణెములను దొంగ పోయగలుగును. ఇచ్చట దొంగయు షరాబును గణితసూత్రములతో అల్లిన రెండు జాలములు. అసలు నాణెములు మనుష్యులు సేకరించి యిచ్చిన ఛాయాచిత్రములు, ధ్వనులు, పత్రములు. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. దొంగ అసలు నాణెమును ఎన్నడును స్వయముగా చూడడు. షరాబు తీర్పులను మాత్రమే యెఱుగును. శిక్షణ ముగిసిన పిదప యంత్రమున మిగులునవి చిత్రములు కావు, కోట్లకొలది సంఖ్యలు.

న్యాయశాస్త్రమున స్మృతి యనగా సంస్కారమువలన పుట్టు జ్ఞానమని నిర్వచింపబడినది. అనుభవము సంస్కారమును విడిచిపోవును. సంస్కారము మేల్కొనగా స్మృతి కలుగును. ఈ కొలతతో చూచిన యంత్రముయొక్క స్థితి విచిత్రముగా కనబడును. దానియందు సంస్కారమువంటిది కలదు, అనుభవము లేదు. ఇతరుల యనుభవముయొక్క ముద్ర మాత్రమే దానిది. యంత్రము కలగనుచున్నదని, జ్ఞాపకము చేసికొనుచున్నదని ప్రదర్శనశాలల కరపత్రములు చెప్పునపుడు ఈ భేదమును మఱవరాదు.

ఈ మార్గమున మిక్కిలి ప్రసిద్ధి పొందినవాడు రెఫిక్ అనడోల్. ఇతడు 1985లో ఇస్తాంబూలున జన్మించి, లాస్ ఏంజెలెసున స్థిరపడిన కళాకారుడు. 2017లో తన జన్మనగరమందలి సాల్ట్ అను సంస్థవారి గ్రంథభాండారమున గల 17 లక్షల పత్రములను యంత్రమునకు చదివించి, వాటి పోలికలను బట్టి అది ఏర్పఱచిన క్రమమును ఒక గుండ్రని గదిగోడలపై వెలిగించెను. గదినడుమ నిలిచినవానిచుట్టు భాండారమంతయు నక్షత్రమండలమువలె తిరుగును. అతడు దేనినైనను తాకి కోరినచో ఆ పత్రము వచ్చును. ఎవరును కోరనపుడు యంత్రము ఎన్నడును లేని పత్రములను తానే కల్పించుకొనుచుండును. గ్రంథాలయమున బీరువాలమధ్య తిరిగి, దుమ్ము దులిపి, వెదకుచున్న గ్రంథమునకు బదులు దాని ప్రక్కనున్న మేలైన గ్రంథమును కనుగొనిన వారికి ఈ గది కొంత తెలిసిన చోటుగానే తోచును.

మఱుసటి సంవత్సరమున అతడు మానవస్మృతినే వస్తువుగా గ్రహించెను. అతని బంధువొకరికి మతిమఱుపు వ్యాధి సంక్రమించుట ఇందులకు ప్రేరణ మని అతడే చెప్పి యున్నాడు. కొందఱిని తమ బాల్యస్మృతులను తలచుకొనుమని కోరి, అప్పుడు వారి మెదడునందు కలుగు విద్యుత్స్పందనలను తలపై అమర్చిన సాధనములతో గ్రహించి, ఆ కొలతలను కదలెడి యుబ్బెత్తు చిత్రములుగా మార్చి చూపెను. ఇందు ఒక సందేహము కలుగక మానదు. తెరమీద అలలు లేచును, పడును. కాని ఆ యలలో తలచినవాని బాల్యము లేదు. తల్లి వంటయిల్లు జ్ఞాపకము వచ్చినను, బడిలో దెబ్బలు జ్ఞాపకము వచ్చినను చూచువానికి కనబడునది అలయే. స్మృతియొక్క కదలిక చిక్కినది, విషయము చిక్కలేదు.

2022 నవంబరు 19వ తేదీన న్యూయార్కు ఆధునికకళా మ్యూజియపు ముందుశాలలో అనడోల్ కృతి యింకొకటి ప్రదర్శితమైనది. ఆ మ్యూజియపు సంగ్రహమునకు సంబంధించిన 1,38,151 నమోదులను యంత్రమునకు నేర్పి, రెండువందల యేండ్ల కళను అది తిరిగి యెట్లు ఊహించుకొనునో ఇరువదినాలుగడుగుల యెత్తైన తెరపై చూపిరి. శాలలోని జనుల కదలికలు, చప్పుడు, వెలుపలి వాతావరణము సైతము ఆ దృశ్యమును క్షణక్షణము మార్చుచుండును. కొలది నెలలకై పెట్టిన ఈ ప్రదర్శనమును జనాదరణమువలన 2023 అక్టోబరువఱకు పొడిగించిరి. పిమ్మట కృతిని మ్యూజియమువారు తమ సంగ్రహముననే చేర్చుకొనిరి. గంటలకొలది దాని ముందు కూర్చుండినవా రనేకులు. న్యూయార్కు విమర్శకులలో కొందఱు మాత్రము ఇది కన్నులపండువే గాని కళ కాదని నిష్ఠురముగా వ్రాసిరి.

విమర్శకుల తీర్పు కొంత కఠినమే. కాని వారి యసంతృప్తికి కారణము లేకపోలేదు. తెరపై తేలివచ్చు రూపము ఏ చిత్రకారుని ఏ చిత్రమునుండి పుట్టినదో చూచువానికి తెలియు మార్గము లేదు. ఒక చాటుపద్యమును విన్నపుడు అది యెవ్వరిదని అడుగుట తెలుగువారి యలవాటు. కవి పేరు తెలియనిచో ఏదో యొక పేరు తగిలించియైన తృప్తి పడుదుము. లక్షకు మించిన కృతుల సారమును పిండి, కర్తల పేర్లను తీసివేసి, ఒకే ప్రవాహముగా పోయుట స్మృతి యగునా, మఱపు యొక్క సుందరరూప మగునా యను ప్రశ్న న్యాయమైనదే.

ఈ ప్రశ్నకు వేఱొక విధమున సమాధాన మిచ్చిన కృతి లండను కళాకారిణి యానా రిడ్లర్ 2018లో చేసినది. దాని పేరునకు పదివేలు అని యర్థము. యంత్రమునకు నేర్పుటకు కావలసిన చిత్రములను అంతర్జాలమునుండి ఊడ్చి తెచ్చుట సామాన్య పద్ధతి. ఆమె అట్లు చేయలేదు. హాలెండు దేశమున ట్యులిప్ పూలు పూయు ఋతువున అచ్చటనే యుండి, ఒక్కొక్క పూవును నల్లని నేపథ్యముపై నిలిపి, పదివేల ఛాయాచిత్రములను తానే తీసెను. ప్రతి చిత్రము క్రిందను దాని రంగు, జాతి, విచ్చిన దశ మొదలగు వివరములను స్వహస్తముతో వ్రాసెను. తెలుపనవలెనా, లేతగులాబి యనవలెనా? మొగ్గ యనవలెనా, విచ్చినదనవలెనా? ఇట్టి నిర్ణయములను వేలసారులు చేయవలసి వచ్చినది. ఆ చిత్రములు గోడనిండ పఱచినపుడు దూరమునకు యంత్రము ముద్రించిన వరుసవలె కనబడును. దగ్గఱకు పోయిన కొలది చేతివ్రాతలోని వంకరలు, తడబాటులు తెలియవచ్చును.

ఆ చిత్రములతో శిక్షణ పొందిన యంత్రమే అటుపిమ్మట ఆమె చేసిన మఱియొక కృతియందు లేని ట్యులిప్ పూలను పూయించెను. అందలి పూరేకులపై చారలు బిట్‌కాయిన్ వెలను అనుసరించి మాఱుచుండును. ఇది కేవలము చమత్కారము కాదు. 1630 ప్రాంతమున హాలెండులో ట్యులిప్ దుంపలకు వెఱ్ఱి గిరాకి యేర్పడి, 1637లో ఒక్కసారిగా వెలలు కూలినవి. ఆనాడు అన్నిటికంటె మిక్కిలి వెల పలికినవి చారల పూలు. ఆ చారలకు కారణము మొక్కకు సోకిన వైరసు తెగులని చాలకాలమునకు గాని తెలియలేదు. రోగమునే అందమనుకొని జనులు సొమ్ము పోసిరి. యంత్రమునకు ఏది నేర్పినను ఎవరో యొకరు కూర్చుండి, కన్నులు నొచ్చునట్లు చూచి, పేరు పెట్టియే నేర్పవలెననుటను ఈ కృతి దాచక చూపుచున్నది. కంటికి సామాన్యముగా కనబడు ఈ గోడ అనడోల్ తెరకంటె మనసున ఎక్కువకాలము నిలుచుటకు అదియే కారణము కావచ్చును.

స్మృతికిని ప్రకృతికిని గల ముడి మిక్కిలి బాధాకరముగా వ్యక్తమైనది అలెగ్జాండ్రా డెయిసీ గిన్స్‌బర్గ్ 2019లో చేసిన కృతియందు. దాని పేరునకు ప్రత్యామ్నాయ మని యర్థము చెప్పవచ్చును. ఉత్తరపు తెల్లఖడ్గమృగ మనునది ఆఫ్రికాఖండమున ఒకప్పుడు విరివిగా నుండిన యుపజాతి. కొమ్ముకొఱకు సాగిన వేటవలన అది నశించినది. ఆ యుపజాతిలో కడపటి మగమృగమునకు సూడాన్ అని పేరు. అది 1973లో పుట్టి, రెండేండ్ల వయసున పట్టువడి, ఐరోపాలోని చెక్ జంతుశాలలో పెరిగినది. సంతానము కలుగునేమో యను నాసతో 2009లో దానిని కెన్యాకు చేర్చిరి. 2018 మార్చి 19న అది మరణించినది. అప్పటికి మిగిలినవి దాని కూతురును మనుమరాలును, రెండే ఆడమృగములు.

గిన్స్‌బర్గ్ కృతియందు నిలువెత్తు తెరపై ఒక తెల్లని గది కనబడును. అందొక మగ ఖడ్గమృగము ప్రత్యక్షమగును. మొదట అది కొన్ని చదరపు ముక్కల కుప్ప మాత్రమే. అది గదిలో తిరుగుచు, మూలలను పరీక్షించుచు, చోటును తెలిసికొనుచున్న కొలది చదరములు చిన్నవగును, చర్మపు ముడుతలు కనబడును, ఊపిరి వినబడును. అది తిరుగు దారులు డీప్‌మైండ్ సంస్థవారు చేసిన కృత్రిమమేధా ప్రయోగములనుండి గ్రహింపబడినవి. దాని చేష్టలును అరుపులును ఆ జాతి బ్రతికియుండగా చెక్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ పొలిఖ్త్ తీసిన చలనచిత్రములను, ధ్వనులను అనుసరించినవి. కొలది నిమిషములలో సంపూర్ణరూపము వచ్చును. నిజమైన జంతువే యెదుట నిలిచి చూచువాని కన్నులలోనికి చూచుచున్నట్లుండును. వెంటనే మాయమగును. గది ఖాళీగా నుండును. మరల మొదటినుండి చదరముల కుప్ప.

ఆ జంతువునకు అడవి లేదు, గడ్డి లేదు, మంద లేదు. ఇది బుద్ధిపూర్వకముగా చేసినదే. జంతువు రూపమును తిరిగి తేగల విద్య వచ్చినను, అది బ్రతికిన చోటును తేలేని విద్య యేమి తెచ్చినట్లు? కొత్త బుద్ధిని సృష్టించుటకు ఇంత యారాటపడు మానవుడు ఉన్న ప్రాణులను నిర్లక్ష్యము చేయుచున్నాడనుట కళాకారిణి యాక్షేపము. ఆమెయే అదే సంవత్సరమున లండనులోని సోమర్‌సెట్ హౌసున వేకువజామున పక్షుల పాటను వస్తువుగా గ్రహించి మఱియొక గదిని నిర్మించెను. రాబిన్ మొదలగు పక్షుల ధ్వనిముద్రణములను పైన చెప్పిన షరాబు పద్ధతిలో యంత్రమునకు నేర్పిరి. చీకటిగదిలో మెల్లగా తెల్లవాఱుచుండగా ఒక నిజమైన పక్షి పలుకును, దానికి యంత్రపక్షి బదులు పలుకును. వెలుగు హెచ్చిన కొలది యంత్రపక్షులు మెఱుగుపడి, కడకు పాట యంతయు వాటిదే యగును. వినువానికి ఏ క్షణమున మార్పు జరిగినదో తెలియదు. నగరముల రొదవలనను రాత్రిదీపములవలనను నిజమైన పక్షులు తగ్గిపోవుచుండగా జనులకు తెలియకపోవుటయు ఇట్టిదే.

ఈ సందర్భమున తెలుగుదేశపు పక్షి యొకటి తలపునకు వచ్చును. కడపమండలపు ముండ్లపొదల యడవులలో రాత్రివేళ సంచరించు కలివికోడిని 1900 తరువాత శాస్త్రజ్ఞు లెవ్వరును చూడలేదు. అది అంతరించిన దనియే గ్రంథములందు వ్రాయబడినది. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు లంకమల యడవిప్రాంతమున దానిని తిరిగి కనుగొనిరి. కనుగొనుటకు సాయపడినవాడు అచ్చటి పక్షివేటగాడు. శాస్త్రగ్రంథమునందు చచ్చిన పక్షి ఆ యూరివారి యెఱుకలో బ్రతికి యుండెనన్న మాట. గ్రంథములను మాత్రమే చదివిన యంత్రమును 1985లో అడిగియుండిన, కలివికోడి లేదనియే చెప్పియుండును.

అనడోల్ తరువాతి యత్నము ఈ లోపమును విస్తారముచే పూరింపవలెనని చేసినది. 2024 జనవరిలో అతడు ప్రకృతికి మాత్రమే సంబంధించిన యొక మహాయంత్రమును ప్రకటించెను. స్మిత్‌సోనియన్ సంస్థ, లండను ప్రకృతిచరిత్ర మ్యూజియము, కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర కేంద్రము మొదలగువాని నిధులనుండి దానికి చిత్రములు, ధ్వనులు లభించినవి. అదే సంవత్సరము ఫిబ్రవరి నుండి ఏప్రిలువఱకు లండనులోని సర్పెంటైన్ చిత్రశాలలో వర్షారణ్యములును పగడపుదిబ్బలును గోడలనిండ కదలినవి. ఇట్టి యంత్రములకు విద్యుత్తు విశేషముగా కావలెను. ఆ విద్యుత్తు సాధ్యమైనంతవఱకు కాలుష్యము లేని మార్గముల వచ్చినదే వాడుచున్నామని కళాకారుని పక్షమువారు చెప్పుచున్నారు. అడవిని చూపుటకై అడవికి హాని చేయరాదను ఎఱుక యైనను కలుగుట మేలు.

దేశదేశముల మ్యూజియములు దాచినదే యంత్రమునకు ప్రకృతి యగుచున్నదనుట ఇందుండి తేలుచున్నది. ఈ సంచికను చదువువారికి ఇది పక్షులకు మాత్రమే చెందిన మాటగా తోచకపోవచ్చును. హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము, యానాము ప్రాంతములందు తరతరములుగా పలుకబడుచున్న తెలుగు, పొరుగుభాషల సాంగత్యమున తనదైన యాసను, పదములను, సామెతలను పెంచుకొన్నది. తంజావూరు సరస్వతీమహలునందు తెలుగు తాళపత్రములు మిగిలినవి. ఆ నాయకరాజుల కాలమున అంగళ్ళలో తెలుగువా రేమి మాటాడుకొనిరో మిగులలేదు. ముసలమ్మ వడ్లు దంచుచు పాడిన పాటను ఎవరును పట్టి యుంచనిచో, ఆ పాటను ఏ యంత్రమును కలగనజాలదు. ధ్వనిని పట్టు సాధనము నేడు ప్రతివాని జేబునందును కలదు. రిడ్లర్ పూవుల క్రింద వ్రాసినట్లు, పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి యుంచుట మాత్రమే తక్కువ.

స్మృతిని గూర్చి మాటాడు ఈ కళాకృతులు తామెంతకాలము స్మృతిలో నుండునో యనునది మఱియొక విషయము. రాతిశిల్పము ఎండవానల కోర్చును. యంత్రశిల్పము పదేండ్లకే మూలబడును. బ్రస్సెల్సు మంటపమును ప్రదర్శన ముగిసిన పిదప 1959లోనే కూల్చివేసిరి. సంగీతము మిగిలినది, గది పోయినది. కొరియాదేశపు కళాకారుడు నామ్ జూన్ పైక్ 1988లో 1003 టెలివిజన్ పెట్టెలతో ఒక గోపురమును కట్టెను. అతడు 2006లో మరణించెను. పెట్టెలు ఒక్కొక్కటిగా చెడి, వేడెక్కి, ప్రమాదకరమగుటచే 2018లో గోపురము నార్పివేసిరి. అట్టి పిక్చర్ ట్యూబులను తయారుచేయువారు అప్పటికి లేరు. దానిని యథాతథముగా నుంచవలెనా, క్రొత్త పలకలు అమర్చవలెనా యని చర్చించి, కడకు 737 పెట్టెలను పాతవాటితోనే బాగుచేసి, 266 పెట్టెలలో మాత్రము ఎల్‌సీడీ పలకలు పెట్టిరి. 2022 సెప్టెంబరులో గోపురము మరల వెలిగినది. పెట్టెలు త్వరగా పాడుకాకుండుటకై దినమునకు కొన్ని గంటలు మాత్రమే వెలిగించు నేర్పాటు చేసిరి.